నా పాన్ మీద ఎవరో లోన్ తీసుకున్నారు, రికవరీ వాళ్ళు నా మీద పడ్డారు. ఏం చేయాలి?

రాధ_నరసరావుపేట:
అందరికీ నమస్కారం. నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్ని. మావారిది ఎరువుల షాపు. ఇల్లు కట్టుకుందామని లోన్ కోసం బ్యాంకుకి వెళ్తే మేనేజర్ గారు కంప్యూటర్లో చూసి "మీకు ఆల్రెడీ ఒక పర్సనల్ లోన్ ఉందమ్మా, అది కట్టడం ఆపేశారు, ముందు దాని సంగతి చూసుకోండి" అన్నారు. నేను ఇంతవరకు బంగారం మీద తప్ప ఎక్కడా అప్పు తీసుకోలేదు. క్రెడిట్ రిపోర్టు (మన అప్పుల చరిత్ర) తెప్పించి చూస్తే ఏదో ఫైనాన్స్ కంపెనీ పేరు, 48,000 శాంక్షన్, పేరు నాది, పాన్ నాది, పుట్టిన తేదీ నాది, ఫోన్ నంబరూ అడ్రసూ మాత్రం నావి కావు.

కొన్నాళ్ళుగా హిందీలోనూ సగం సగం తెలుగులోనూ ఫోన్లు వస్తుంటే రాంగ్ నంబరనుకుని పెట్టేసేదాన్ని. ఇప్పుడు మా స్కూల్ హెడ్మిస్ట్రెస్ గారికి చేసి "మీ టీచర్ అప్పు ఎగ్గొట్టింది" అని చెప్పారు. మా మరిదికి కూడా చేశారు. నాది కాదంటే వినరు. చివరికి నిన్న ఒకతను మెత్తగా మాట్లాడి "మేడమ్, వడ్డీ అంతా తీసేస్తాం, 7 వేలు కట్టి సెటిల్ చేసుకోండి, రేపటి నుంచి ఫోన్ రాదు" అన్నాడు. మావారు కట్టేద్దాం పీడా పోతుంది అంటున్నారు. నాకేమో చేయని అప్పు ఎందుకు కట్టాలని కడుపు మండిపోతోంది. ఎవరికైనా ఇలా జరిగిందా?

కడప_కుర్రోడు:
అక్కా, న్యాయం మీ వైపే ఉంది కానీ ప్రాక్టికల్‌గా ఆలోచించండి. పోలీస్ స్టేషన్, లాయర్, తిరుగుళ్ళు, స్కూల్‌కి సెలవులు, ఇవన్నీ కలిపితే 7 వేలు దాటిపోతుంది. ఇంటి లోన్ ముఖ్యం కదా. కట్టేసి క్లియరెన్స్ లెటర్ తీసుకోండి, నేనైతే అదే చేస్తాను.

లా_పాయింట్:
దయచేసి ఆ పని చేయొద్దండీ. పైన తమ్ముడు మంచి మనసుతోనే చెప్పాడు కానీ అది మిమ్మల్ని ఇంకా లోతుకి తోసే సలహా.

ముందు, సెటిల్ చేస్తే రిపోర్టులో లోన్ పోదు, దాని పక్కన "సెటిల్డ్" అని పడుతుంది. అంటే ఈమె అప్పు తీసుకుంది, పూర్తిగా కట్టలేదు, కంపెనీ కొంత వదులుకుంది అని. ఇంటి లోన్ ఇచ్చే బ్యాంకు ఆ మాట చూస్తే ఓవర్‌డ్యూ చూసినంతగానూ వెనకాడుతుంది. ఆ మచ్చ ఏళ్ళ తరబడి ఉంటుంది.

రెండోది ఇంకా పెద్ద చిక్కు. మీరు ఒక్క రూపాయి కట్టినా, "నాది కాదు" అనే మీ మాట విలువ పడిపోతుంది. నీది కానప్పుడు ఎందుకు కట్టావు అని రేపు ఎవడైనా అడుగుతాడు. 1963 లిమిటేషన్ చట్టంలో సెక్షన్ 18, 19 అని ఉన్నాయి, గడువులోపు అప్పును రాతపూర్వకంగా ఒప్పుకున్నా, కొంత కట్టినా, దావా వేసే మూడేళ్ళ గడువు మళ్ళీ మొదటి నుంచి లెక్క మొదలవుతుంది. అందుకే ఈ రికవరీ వాళ్ళు "ఐదొందలైనా వేయండి, గుడ్ ఫెయిత్ కింద చూపిస్తాం" అని తియ్యగా అడుగుతుంటారు. వాట్సాప్‌లో "కొంచెం టైమ్ ఇవ్వండి" అని కూడా రాయొద్దు. "ఈ లోన్ నేను తీసుకోలేదు, రాతపూర్వకంగా కంపెనీకి తెలియజేస్తున్నాను" అన్న ఒక్క ముక్క చాలు.

రిటైర్డ్_బ్యాంకు_బాబాయ్:
అమ్మా రాధా, ముప్పై ఏళ్ళు బ్యాంకులో చేసి వచ్చాను, రికవరీ సెక్షన్‌లోనూ కొన్నాళ్ళు ఉన్నాను, అటు వైపు నుంచి ఇది ఎలా కనిపిస్తుందో చెప్తాను.

మీకు ఫోన్ చేసే కుర్రాడికి మీ గురించి ఏమీ తెలియదు. అతని ముందు ఒక ఎక్సెల్ షీటు ఉంటుంది, పేరు, నంబరు, బాకీ, ఎన్ని రోజుల నుంచి కట్టలేదు, అంతే. లోన్ అగ్రిమెంటు అతను చూడలేదు, చూడడు, చూడనివ్వరు కూడా. వసూలు చేస్తే కమీషన్, లేకపోతే లేదు. అలాంటి మనిషితో గంటసేపు వాదించి మీరు నిజాయితీపరురాలని నిరూపించినా అతను ఏ బటనూ నొక్కలేడు. మీరు గెలిచినా ఆ షీటు వచ్చే నెల ఇంకో ఏజెన్సీకి వెళ్తుంది, వాడు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాడు. కాబట్టి ఫోన్లో వాదన ఆపేయండి. లోన్ ఇచ్చింది ఫైనాన్స్ కంపెనీ, మాట్లాడాల్సింది కంపెనీతో, అదీ కాగితం మీద.

ఆ కాగితంలో అడగాల్సిన అసలు ప్రశ్న ఒకటే. ఆ 48,000 ఏ బ్యాంకు ఖాతాలో వేశారు? ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, యూటీఆర్ నంబరు (ఆ బదిలీకి బ్యాంకు ఇచ్చే నంబరు), తేదీ ఇవ్వమనండి. 2022 సెప్టెంబర్ నుంచి ఆర్‌బీఐ డిజిటల్ లోన్ల మీద పెట్టిన నియమాల ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, డబ్బు నేరుగా అప్పు తీసుకున్న మనిషి ఖాతాలోనే పడాలి, మధ్యలో యాప్ వాడి ఖాతా ద్వారా రాకూడదు. మరి మీ ఖాతాలో పడలేదంటే ఎవరి ఖాతాలో పడింది? ఈ ప్రశ్నకి వాళ్ళ దగ్గర జవాబు ఉండి తీరాలి, ఆ జవాబు వాళ్ళకే ఇబ్బంది. నేను చూసిన కేసుల్లో సగం ఇక్కడే తెగిపోయాయి.

రాధ_నరసరావుపేట:
బాబాయ్ గారూ, ఇవాళ ఫోన్ వస్తే మీరు చెప్పినట్టే ఖాతా నంబరు అడిగాను. "అవన్నీ మేం చెప్పకూడదు, సిస్టమ్‌లో మీ పేరే ఉంది, ముందు కట్టండి తర్వాత కంప్లైంట్ పెట్టుకోండి" అన్నాడు. తర్వాత గొంతు పెంచి "టీచర్ అయ్యుండి సిగ్గు లేదా" అన్నాడు. చేతులు వణికాయి నిజంగా.

రిటైర్డ్_బ్యాంకు_బాబాయ్:
అతన్ని అడగొద్దన్నాను కదమ్మా, అతని దగ్గర ఉండదు. కంపెనీ వెబ్‌సైట్లో అడుగున "గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసర్" అని పేరు, ఈమెయిల్ ఉంటాయి, ఉండాలి. ఆ అడ్రసుకి మెయిల్ పెట్టి, అదే కాపీ రిజిస్టర్డ్ పోస్టులో వాళ్ళ రిజిస్టర్డ్ ఆఫీసుకి అక్నాలెడ్జ్‌మెంటుతో పంపండి. ఇంగ్లీషులో రాస్తే మంచిది, స్కూల్లో ఎవరైనా సాయం చేస్తారు.

రాయాల్సింది పెద్దగా ఏం లేదు. ఫలానా లోన్ ఖాతా నా పేరుతో మోసపూరితంగా తెరిచారు, నేను దరఖాస్తు చేయలేదు, డబ్బు నాకు చేరలేదు. సంతకం చేసిన అగ్రిమెంటు, కేవైసీకి (గుర్తింపు తనిఖీకి) వాడిన ఆధార్ కాపీ, సెల్ఫీ లేదా వీడియో, ఓటీపీ వెళ్ళిన మొబైల్ నంబరు, దరఖాస్తు వచ్చిన ఐపీ అడ్రసు, డబ్బు వెళ్ళిన ఖాతా, ఈఎమ్ఐ కోసం ఆటో డెబిట్ పెట్టుకున్న ఖాతా, ఇవన్నీ పంపండి. తేలేవరకు వసూలు ఆపండి. నాకు గాని మా బంధువులకు గాని స్కూలుకి గాని ఫోన్లు చేయొద్దు. క్రెడిట్ బ్యూరోలకి, అంటే అందరి అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్ లాంటి సంస్థలకి, ఇచ్చిన సమాచారం సరిచేయండి. అంతే. ఏడుపు, కోపం, శాపనార్థాలు వద్దు, అవి చదివే గుమస్తాకి సాకు దొరుకుతుంది.

లా_పాయింట్:
దీనికి ఇంకో నాలుగు ముక్కలు కలపండి. 2022 ఆగస్టు నుంచి ఆర్‌బీఐ పెట్టిన నియమాల ప్రకారం వసూలు కోసం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు, బెదిరించకూడదు, అవమానించకూడదు, బంధువుల్నీ స్నేహితుల్నీ ఇబ్బంది పెట్టకూడదు. ఏజెంటు చేసిన పనికి కంపెనీదే బాధ్యత. హెడ్మిస్ట్రెస్ గారికి వచ్చిన ఫోన్ తేదీ, సమయం, నంబరు ఆవిడ చేత రాయించి పెట్టుకోండి. కాల్స్ రికార్డ్ చేసుకోండి. "సిగ్గు లేదా" అన్నది రికార్డ్ అయి ఉంటే అది మీకు ఆస్తి.

సత్తి_మల్కాజిగిరి:
మేడమ్ నాకు సేమ్ ఇదే అయ్యింది, కాకపోతే రెండు యాప్‌లు. నేను చెప్పేది ఒకటే, టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ సైట్‌కి వెళ్ళి మీ పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడండి. 2023 మే నుంచి దేశమంతా పనిచేస్తోంది, మీ నంబరు కొట్టి ఓటీపీ ఇస్తే మీ ఐడీ మీద ఉన్న నంబర్లన్నీ, చివరి అంకెలతో, కనిపిస్తాయి. నా పేరున నాకు తెలియని సిమ్ ఒకటి తిరుగుతోంది. లోన్ ఓటీపీలన్నీ దానికే వెళ్ళాయి. "నా నంబరు కాదు" అని కొడితే కట్ చేశారు, కానీ కొట్టే ముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, పోలీసులకి అదే చూపించాను.

ఇంక పోలీస్ స్టేషన్ కథ అడగకండి. ఫస్ట్ మా ఏరియా స్టేషన్‌కి పోతే "నీ పైసలు పోలేదు కదా, కేసు ఏముంది" అన్నారు. అదే పెద్ద తలనొప్పి, మన డబ్బు పోలేదు, మన పేరు పోయింది, దాన్ని నష్టం కింద ఎవరూ లెక్కపెట్టరు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పెట్టి, ఆ నంబర్ ప్రింట్ పట్టుకుని మళ్ళీ పోయాను. అప్పుడు తీసుకున్నారు.

లా_పాయింట్:
డబ్బు పోకపోయినా నేరమే. ఐటీ చట్టం సెక్షన్ 66సీ అంటే ఇంకొకరి గుర్తింపు వివరాల్ని మోసంతో వాడటం, మూడేళ్ళ వరకు జైలు, లక్ష వరకు జరిమానా. 66డీ కంప్యూటర్ ద్వారా ఇంకొకరిలా నటించి మోసం చేయడం. 2024 జులై 1 తర్వాత జరిగినవైతే భారతీయ న్యాయ సంహితలో 318, 319 కూడా పడతాయి. ఫిర్యాదులో ఈ సెక్షన్లు మీరే రాస్తే రైటర్‌కి పని తగ్గుతుంది, నిజంగానే తేడా ఉంటుంది.

మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునే ఎఫ్ఐఆర్) అడగండి, కొత్త బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 173లో ఉంది. స్టేషన్‌లో అసలు తీసుకోకపోతే అదే సెక్షన్‌లో నాలుగో ఉపవిభాగం కింద ఎస్పీ గారికి పోస్టులో పంపాలి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఐటీ చట్టం కింద కేసు దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గకూడదు కాబట్టి చిన్న స్టేషన్లు పైకి పంపించేస్తాయి, దానికి కంగారు పడకండి.

కడప_కుర్రోడు:
సరే, నేను తగ్గాను, కట్టొద్దు. కానీ ఒక డౌట్. మూడు రోజుల్లోపు చెప్తే మన బాధ్యత సున్నా అని ఆర్‌బీఐ రూల్ ఉంది కదా? అక్క ఇప్పటికే లేటైంది కదా మరి?

రిటైర్డ్_బ్యాంకు_బాబాయ్:
అది వేరు నాయనా. 2017 జులై నాటి ఆ సర్క్యులర్ మన ఖాతాలోంచి, మన కార్డులోంచి మనకి తెలియకుండా డబ్బు పోతే వర్తించేది. ఇక్కడ అది రాధమ్మ ఖాతానే కాదు, ఆవిడ వాళ్ళ ఖాతాదారే కాదు. అసలు ఒప్పందమే లేదు, ఇంక మూడు రోజుల గడువు ఎక్కడిది. చాలా కాల్ సెంటర్లు ఈ రెండింటినీ కలిపేసి "మీరు లేటుగా చెప్పారు" అంటారు. ఒప్పుకోవద్దు.

డాలస్_వంశీ:
ఇక్కడ అమెరికాలో మా దగ్గర కూడా ఇదే జబ్బు, కానీ మందు కాస్త బాగుంది. మా రూమ్మేట్‌ది సోషల్ సెక్యూరిటీ నంబర్ (ఇక్కడి గుర్తింపు నంబరు) ఎవరో వాడి క్రెడిట్ కార్డు తీశారు, తను అప్పటికి ఎమ్ఎస్ రెండో సెమిస్టర్, కలెక్షన్ ఏజెన్సీ ఫోన్ చేస్తే వీసా పోతుందేమో అని భయపడి సగం కట్టేయబోయాడు. వీసాకీ దీనికీ సంబంధం లేదు, కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఈ భయంతోనే కట్టేస్తుంటారు, అందుకే చెప్తున్నా.

ఇక్కడ ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్ళ ఐడెంటిటీథెఫ్ట్ డాట్ గవ్‌లో రిపోర్ట్ తయారు చేసుకుంటే అదే సగం ఆయుధం. దాన్నీ ఐడీ ప్రూఫునీ జతచేసి క్రెడిట్ బ్యూరోకి పంపితే ఆ దొంగ ఖాతాని నాలుగు పనిదినాల్లో బ్లాక్ చేయాలి, ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టంలో 605బీ. కలెక్షన్ వాళ్ళ నుంచి వివరాల నోటీసు వచ్చాక 30 రోజుల్లోపు రాతలో డిస్ప్యూట్ పెడితే, రుజువు చూపించేదాకా వసూలు ఆపాలి. ఫోన్లో చెప్తే ఆ హక్కు రాదు, రాతలోనే. 609ఈ కింద దొంగ పెట్టిన అప్లికేషన్ కాపీ కూడా ఉచితంగా 30 రోజుల్లో ఇవ్వాలి, బాబాయ్ గారు చెప్పిన పేపర్లు ఇక్కడ చట్టమే ఇప్పిస్తుంది. ఇంక క్రెడిట్ ఫ్రీజ్, అంటే కొత్త అప్పు కోసం మన రిపోర్టు ఎవరూ తెరవకుండా తాళం వేయడం, 2018 సెప్టెంబర్ నుంచి మూడు బ్యూరోల్లోనూ ఫ్రీ. ఇండియాలో కూడా ఫ్రీజ్ పెట్టేయొచ్చు కదా?

సత్తి_మల్కాజిగిరి:
వంశీ అన్నా, ఇక్కడ అట్లా చట్టం ఇచ్చిన ఫ్రీజ్ ఏదీ లేదు. ఇక్కడ మన పాన్ నంబరు జిరాక్స్ షాపు డెస్క్‌టాప్ మీద "న్యూ ఫోల్డర్ 3"లో ఉంటుంది.

నెల్లూరు_పద్మ:
😂 నిజం. సిమ్ కొంటే ఆధార్ జిరాక్స్, లాడ్జికి వెళ్తే జిరాక్స్, చిట్టీ వేస్తే జిరాక్స్. ఇప్పుడైనా మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. బయోమెట్రిక్ లాక్ (వేలిముద్రలు ఎవరూ వాడకుండా తాళం) కూడా పెట్టుకోండి, ఆధార్ యాప్‌లో ఉంది. ఆస్తి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీద వేలిముద్రలు కాపీ చేసి ఆధార్‌తో డబ్బు తీసిన ముఠాని 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు గుర్తుందా, అప్పటి నుంచి మా ఇంట్లో అందరికీ లాక్ చేశాను.

లా_పాయింట్:
వంశీ గారూ, ఫ్రీజ్ లేదు కానీ కొంతకాలంగా పరిస్థితి మెరుగైంది. 2023 అక్టోబర్ 26న ఆర్‌బీఐ రెండు సర్క్యులర్లు ఇచ్చింది. మన రిపోర్టు ఏ బ్యాంకు, ఏ కంపెనీ తెరిచినా ఎస్ఎమ్ఎస్ గాని ఈమెయిల్ గాని రావాలి. అది వస్తే చదవండి, లోన్ అడ్వర్టైజ్‌మెంట్ అని తీసేయొద్దు. రెండోది, తప్పు సమాచారం మీద ఫిర్యాదు పెట్టాక 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకీ 100 రూపాయల చొప్పున మనకి పరిహారం ఇవ్వాలి. ఆ 30లో 21 రోజులు అప్పిచ్చిన కంపెనీకి, మిగతాది బ్యూరోకి. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. వంద రూపాయలే కదా అనొద్దు, ఫిర్యాదులో ఆ ఒక్క లైన్ రాస్తే ఫైలు కదులుతుంది.

ఇంకోటి, బ్యూరో అంటే సిబిల్ ఒక్కటే కాదు. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్ఐఎఫ్ హైమార్క్ కూడా ఉన్నాయి, కంపెనీలు నాలుగింటికీ సమాచారం పంపాలి. నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, డబ్బులడిగే పేజీ ముందు చూపిస్తారు, ఉచితం లింకు కాస్త వెతుక్కోవాలి. నాలుగూ తీసి చూడండి రాధ గారూ. డిస్ప్యూట్ పెట్టేటప్పుడు "బాకీ మొత్తం తప్పు" అని కాకుండా "ఈ ఖాతా నాది కాదు" అన్నది ఎంచుకోండి. మొదటిది ఎంచుకుంటే ఖాతా మీదేనని ఒప్పుకున్నట్టు అవుతుంది, వాళ్ళు బాకీ అంకె సరిచేసి పని అయిపోయిందంటారు.

గుమ్మం_దగ్గర:
చాలా రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. మీ అందరికీ ఎవరో తెలియని దొంగ. నా కేసులో లోన్ తీసుకున్నది మా బావమరిది. నా ఆధార్ ఫోటో, పాన్ అన్నీ అతని ఫోన్లో ఉన్నాయి, అప్పట్లో నా పాత సిమ్ కూడా వాళ్ళింట్లోనే ఉండేది. కంపెనీ పంపిన పేపర్లలో డబ్బు వెళ్ళిన ఖాతా చూస్తే అతని పేరే. ఇప్పుడు కంపెనీ వాళ్ళు "ఎఫ్ఐఆర్ తెస్తే లోన్ తీసేస్తాం" అంటున్నారు. ఎఫ్ఐఆర్ అంటే మా ఆవిడ తమ్ముడి మీద. మా అత్తగారికి గుండె ఆపరేషన్ అయింది. అతను "నెలనెలా కడతాను బావా" అంటాడు, రెండు నెలలు కట్టి మానేశాడు. ఏజెంట్లేమో నా ఆఫీసుకి వస్తున్నారు.

నెల్లూరు_పద్మ:
అన్నా, ఇది మామూలుగా జరిగేదే, ఎవరూ బయటికి చెప్పరు అంతే. మా పెదనాన్న గారింట్లో కూడా అయింది. కేసు పెట్టకపోతే పెట్టకపోండి, అది మీ ఇల్లు, మీ ఇష్టం. కానీ అతను కడుతున్నది మీ లోన్ ఖాతాలోకి అయితే రికార్డులో మీరు కడుతున్నట్టే కదా. అది చూసుకోండి ముందు.

లా_పాయింట్:
పద్మ గారు సరిగ్గా పట్టుకున్నారు. గుమ్మం గారూ, ఇక్కడ మీకు రెండే దారులు, మూడోది ఉందని ఊహించుకోవద్దు. ఒకటి, నాది కాదని నిలబడటం, అంటే ఫిర్యాదులో ఆ ఖాతా ఎవరిదో చెప్పాల్సి వస్తుంది. రెండు, ఇది ఇంటి అప్పు అనుకుని అతనితోనో మామగారితోనో ఒకేసారి మొత్తం కట్టించేసి "క్లోజ్డ్" అని వేయించుకోవడం, "సెటిల్డ్" కాదు, నో డ్యూస్ సర్టిఫికెట్‌తో సహా. ఇప్పుడు మీరున్నది ఈ రెంటికీ మధ్యలో, అదే అన్నిటికంటే ప్రమాదం. తెలిసి ఊరుకున్నారు అన్న మాట ఏడాది గడిచేకొద్దీ బలపడుతుంది. రెండో దారి ఎంచుకుంటే అతని చేత ఒక కాగితం మీద, లోన్ తనే తీసుకున్నానని, సాక్షులతో రాయించుకోండి. బంధువులు కదా అని మొహమాటపడొద్దు.

రిటైర్డ్_బ్యాంకు_బాబాయ్:
లాయరు గారి మాటకి చిన్న అభ్యంతరం. "ఎఫ్ఐఆర్ తెస్తేనే చూస్తాం" అని కంపెనీ అనడం వాళ్ళ వీలు కోసం. వాళ్ళు కేవైసీ సరిగ్గా చేయకపోవడానికి మీరు ఎఫ్ఐఆర్ తేవాల్సిన పనిలేదు. అప్పు తీసుకున్నవాడి పేరు, డబ్బు పడిన ఖాతా పేరు వేరువేరుగా ఉన్నప్పుడు డబ్బు ఎలా వదిలారు? ఆ తప్పు వాళ్ళది. గట్టిగా ఆ ఒక్క పాయింటు మీదే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) వెళ్ళమంటాను నేను.

లా_పాయింట్:
బాబాయ్ గారూ, కాగితం మీద మీరు కరెక్ట్. కానీ ఆయన పాత సిమ్‌కే ఓటీపీ వెళ్ళింది, బావమరిది ఇంట్లోనే ఉంది. అంబుడ్స్‌మన్ సాక్ష్యాలు విచారించే కోర్టు కాదు, సంక్లిష్టంగా ఉందనుకుంటే మూసేస్తారు. నా అనుభవంలో ఇంటి మనుషుల కేసులు అక్కడ నిలబడవు.

గుమ్మం_దగ్గర:
ఇద్దరికీ థాంక్స్. ఈ ఆదివారం మామగారితో మాట్లాడతాను.

సత్తి_మల్కాజిగిరి:
నాకు ఇవాళ వాట్సాప్‌లో "లోక్ అదాలత్ నోటీస్, 24 గంటల్లో అరెస్ట్ వారెంట్" అని వచ్చింది, పైన మూడు సింహాల బొమ్మ కూడా పెట్టారు. ఎవరికైనా వస్తే భయపడకండి. అప్పు కట్టకపోతే అరెస్ట్ చేయరు, అది సివిల్. చెక్కు బౌన్స్ గాని ఆటో డెబిట్ బౌన్స్ గాని ఉంటే వేరే, మనం చెక్కే ఇవ్వలేదు.

లా_పాయింట్:
ఒక జాగ్రత్త. నకిలీవి ఎక్కువ, నిజమే. కానీ ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) నోటీసు అని ఈమెయిల్లోనో పోస్టులోనో వస్తే మాత్రం చెత్తబుట్టలో వేయొద్దు. లోన్ అగ్రిమెంట్లలో ఆ క్లాజు ఉంటుంది, మీరు జవాబివ్వకపోతే మీరు లేకుండానే అవార్డు (తీర్పు) ఇచ్చేస్తారు, తర్వాత దాన్ని కోర్టులో కొట్టేయించుకోవడం ఖర్చు. "ఈ అగ్రిమెంటు మీద నేను సంతకం చేయలేదు, కాబట్టి ఆర్బిట్రేషన్ ఒప్పందమే నాతో లేదు" అని గడువులోపు రాతలో పంపండి, ఫిర్యాదు కాపీ జతచేయండి.

మోడరేటర్:
రెండు పోస్టుల్లో ఏజెంట్ల ఫోన్ నంబర్లు, ఒకదాంట్లో పూర్తి పాన్ ఉన్నాయి, తీసేశాను. పాన్ దొంగతనం గురించి మాట్లాడే చోట పాన్ పెట్టడం ఏంటండీ బాబూ. కంపెనీల పేర్లు కూడా వద్దు.

రాధ_నరసరావుపేట:
అందరికీ అప్‌డేట్. రిజిస్టర్డ్ పోస్ట్ వెళ్ళాక మొదట "మా రికార్డుల ప్రకారం మీరే తీసుకున్నారు" అని రెండు లైన్ల మెయిల్ వచ్చింది. ఏ ఖాతాలో వేశారో చెప్పకుండా ఇది జవాబు కాదని మళ్ళీ రాశాను. ఈసారి పేపర్లు పంపారు. సెల్ఫీలో ఉన్నావిడ నేను కాదు, నాకంటే చాలా చిన్నది, పాపం ఆవిడకైనా తెలుసో లేదో. డబ్బు వెళ్ళిన ఖాతా వేరే రాష్ట్రంలో ఉంది. అది చూసి మా స్టేషన్‌లో కూడా ఫిర్యాదు తీసుకున్నారు. మొత్తానికి కంపెనీ "మోసపూరిత లోన్‌గా గుర్తించాం, బకాయి లేదు" అని లెటర్ ఇచ్చింది. సిబిల్‌లో తీసేశారు!

కానీ రెండు సమస్యలు. హైమార్క్ రిపోర్టులో ఇంకా ఉంది. ఇంకోటి, నిన్న పూర్తిగా కొత్త కంపెనీ నుంచి ఫోన్, ఆ లోన్ మేం కొన్నాం, మాకే కట్టాలి అని. ఇదేం గోల?

రిటైర్డ్_బ్యాంకు_బాబాయ్:
చాలా సంతోషం తల్లీ. కొత్త కంపెనీ అంటే అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీ అయి ఉంటుంది, మొండి బకాయిల్ని మూటగట్టి వాళ్ళకి అమ్ముతారు. మీ లోన్ ఆ మూటలో ముందే వెళ్ళిపోయి ఉంటుంది, సరిచేసిన సంగతి వాళ్ళకి చెప్పి ఉండరు. ఆ లెటర్ కాపీ వాళ్ళ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి పంపండి, పాత కంపెనీని కూడా మెయిల్లో పెట్టండి. ఇద్దరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు చెప్పుకోకుండా ఒకే మెయిల్లో ఉండాలి. రిపోర్టుల్లో ఆ కొత్త కంపెనీ పేరు మీద విడిగా ఎంట్రీ ఉందేమో చూడండి, చాలాసార్లు పాతది తీసేసి కొత్తది వదిలేస్తారు.

లా_పాయింట్:
హైమార్క్‌కి విడిగా డిస్ప్యూట్ పెట్టండి, లెటర్ జతచేసి. బ్యూరో తనంతట తాను ఏమీ మార్చదు, అప్పిచ్చినవాళ్ళు సరేనంటేనే మారుస్తుంది, కానీ ఇప్పుడు మీ దగ్గర వాళ్ళ సంతకమే ఉంది. ఎంక్వైరీల భాగం కూడా చూడండి, లోన్ పోయినా దొంగ పెట్టిన దరఖాస్తుల ఎంక్వైరీలు అలాగే ఉండిపోతాయి, అవీ స్కోరుని లాగుతాయి. 30 రోజులు దాటితే సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఆర్గ్ డాట్ ఇన్‌లో అంబుడ్స్‌మన్‌కి పెట్టండి, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, తెలుగులో అడగాలంటే 14448. 2022 సెప్టెంబర్ నుంచి క్రెడిట్ బ్యూరోల మీద కూడా అక్కడ ఫిర్యాదు చేయొచ్చు.

కడప_కుర్రోడు:
అక్కా సూపర్. బ్యాంకు మేనేజర్ ఏమన్నాడు ఇంటి లోన్‌కి?

రాధ_నరసరావుపేట:
ఆ లెటర్ ఫైల్లో పెట్టుకున్నారు, నాలుగు రిపోర్టులూ క్లీన్ అయ్యాక రమ్మన్నారు తమ్ముడూ. అప్పటికి సిమెంటు రేటు ఎంతుంటుందో.

కొత్తగా_చేరాను_ఏలూరు:
టాపిక్ అంతా చదివాను. మా నాన్నగారు పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు ఆయన పేరున తీసుకున్న లోన్ కట్టమని అమ్మకి ఫోన్లు చేస్తున్నారు. "భర్త అప్పు భార్య కట్టాలి" అంటున్నారు. లోన్ తేదీ చూస్తే నాన్న పోయిన తర్వాతిది. అమ్మ భయపడి ఫోన్ ఎత్తడం మానేసింది.

లా_పాయింట్:
మీ పని అందరికంటే తేలిక. మరణ ధ్రువపత్రం, లోన్ తేదీ ఉన్న రిపోర్టు రెండూ కలిపి కంపెనీకి పంపండి, పైన బాబాయ్ గారు చెప్పిన పద్ధతిలోనే. నిజంగా నాన్నగారి అప్పే అయినా, అమ్మ గ్యారంటీ సంతకం పెట్టకపోతే, ఆయన వదిలి వెళ్ళిన ఆస్తి మేరకే వారసుల బాధ్యత, అమ్మ సొంత డబ్బులోంచి కాదు. వారసులుగా నాలుగు బ్యూరోలకీ ఆయన చనిపోయినట్టు రాసి, ధ్రువపత్రం జతచేయండి. అమ్మ గారి ఫోన్ కొన్నాళ్ళు మీరు ఎత్తండి.

నెల్లూరు_పద్మ:
నాన్నగారి సిమ్ ఇంకా నడుస్తోందా చూడండి. మా వాళ్ళది ఏడాది తర్వాత ఆ నంబరు వేరేవాళ్ళకి ఇచ్చేశారు, బ్యాంకు మెసేజ్‌లన్నీ వాళ్ళకే వెళ్ళేవి.

కొత్తగా_చేరాను_ఏలూరు:
రీఛార్జ్ చేయడం ఎప్పుడో ఆపేశాం అండీ. ఇప్పుడే ఆ నంబరుకి చేశాను, ఎవరో హిందీలో ఎత్తారు. స్క్రీన్‌షాట్ తీసుకుని రేపు స్టేషన్‌కి వెళ్తాను.